ఇంటిపేరు మాటగా మారితే

సంఘం సంచికకు "భాష గురించి ఏదైనా రాయండి మాస్టారూ" అని కార్యదర్శి అడిగినప్పుడు, విషయం కోసం నేను దూరం పోవలసిన అవసరం కలగలేదు. మా డిపార్టుమెంటు గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద సుద్దముక్కతో రాసిన రెండు మాటలు ఇంకా పూర్తిగా చెరగలేదు: "క్లాసులు బాయ్‌కాట్". రాసిందెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నేను అడగదలచిన ప్రశ్న వేరు. బాయ్‌కాట్ అంటే ఎవరు? ఏమిటి అనడం లేదు, ఎవరు అంటున్నాను.

అది ఒక మనిషి ఇంటిపేరు. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి. అవన్నీ ఒక జాతివి కావు గనక ముందుగా రెండు కుప్పలుగా విడదీద్దాం. ఒక కుప్పలో పండితులూ, వ్యాపారస్థులూ మర్యాద కోసం పెట్టిన పేర్లుంటాయి. లారీలో పోసే డీజిల్, ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ ఇంటిపేరు. మన గుంటూరు పొగాకులో ఉన్న నికోటిన్, 1560 ప్రాంతంలో పోర్చుగల్ నుంచి ఫ్రాన్సు రాజాస్థానానికి పొగాకు పంపిన రాయబారి జాన్ నికో ఇంటిపేరులోంచి వచ్చింది. ఇవి శిలాఫలకాల వంటివి. ఎవరో కూర్చుని, ఆలోచించి పెట్టారు.

రెండో కుప్ప వీధిలో పుట్టినది. ఇందులో మాటలు కసి కొద్దీనో, వేళాకోళానికో పుట్టాయి. ఎవరూ తీర్మానం చేయలేదు. రాబర్ట్ పీల్ 1829లో లండన్‌కు కొత్త పోలీసు దళం ఏర్పాటు చేస్తే జనం ఆ పోలీసులను "పీలర్లు" అన్నారు. అంతటితో ఊరుకోక ఆయన పేరు రాబర్ట్‌ను కూడా పట్టుకుని "బాబీలు" అన్నారు. అమెరికా అంతర్యుద్ధంలో బర్న్‌సైడ్ అనే సేనాని 1862లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఘోరంగా ఓడిపోయాడు. ఆ ఓటమి చరిత్ర విద్యార్థులకే గుర్తుంది. ఆయన చెంపల మీద పెంచిన గుబురు జుట్టు మాత్రం లోకానికంతటికీ గుర్తుండిపోయింది. ఇంటిపేరును తిరగేసి దాన్ని "సైడ్‌బర్న్స్" అన్నారు. మన పూర్వవిద్యార్థులు 1970ల నాటి తమ గ్రూపు ఫోటోలు ఒకసారి తీసి చూసుకుంటే ఆ సేనాని ఎంత గెలిచాడో తెలుస్తుంది.

బాయ్‌కాట్ ఈ రెండో కుప్పలోనిదే. ఆ కుప్పలో ఇంత దూరం ప్రయాణించిన మాట మరొకటి లేదని నా అభిప్రాయం.

చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ 1832లో ఇంగ్లండులో పుట్టాడు. కొంతకాలం సైన్యంలో పనిచేసి, ఐర్లండు వెళ్ళి, మేయో జిల్లాలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామి తరఫున కౌళ్ళు వసూలు చేసే ఏజెంటుగా కుదిరాడు. మన జమీందారీల్లో దివాను ఉండేవాడే, అలాంటి ఉద్యోగమన్న మాట. 1879లో పంటలు పాడయ్యాయి. మరుసటి ఏడు కౌళ్ళలో నూటికి పది తగ్గిస్తామన్నాడు భూస్వామి. పాతిక తగ్గించాలన్నారు రైతులు. కుదరలేదు. బాయ్‌కాట్ పదకొండుమంది కౌలుదార్లకు బేదఖలు నోటీసులు తెప్పించాడు.

అది 1880 సెప్టెంబరు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐరిష్ నాయకుడు పార్నెల్ ఎన్నిస్ అనే ఊళ్ళో ఒక సభలో, బేదఖలయిన రైతు భూమిని కక్కుర్తిపడి తీసుకున్నవాడిని కొట్టవద్దనీ, చంపవద్దనీ, అంగట్లోనూ గుళ్ళోనూ వాడితో ఎవరూ మాట్లాడకుండా ఒంటరిని చేసి వదిలేయమనీ సలహా చెప్పాడు. మేయో రైతులు ఆ సలహాను ఏజెంటు మీదే ప్రయోగించారు. బాయ్‌కాట్ ఇంట్లో పనివాళ్ళు మానేశారు. పొలంలో కూలీలు దిగిపోయారు. కొట్టువాడు సరుకులివ్వనన్నాడు. ఉత్తరాలు తెచ్చేవాడు రావడం మానేశాడు. పొలంలో దుంపలు పొలంలోనే ఉండిపోయాయి.

బాయ్‌కాట్ లండన్ పత్రికకు తన గోడు రాసుకున్నాడు. దాంతో గొడవ దేశమంతా పాకింది. ఉత్తరాన అల్‌స్టరు ప్రాంతం నుంచి 50 మంది వాలంటీర్లు పంట తీయడానికి వచ్చారు. వాళ్ళకు కాపలాగా సుమారు వెయ్యిమంది సైనికులూ, పోలీసులూ! 500 పౌన్ల పంట తీయడానికి 10,000 పౌన్లకు తక్కువ కాకుండా ఖర్చయింది. దుంపకొక షిల్లింగు పడిందని పార్నెల్ లెక్కకట్టి ఎగతాళి చేశాడు. పంట తీయడం ముగిశాక బాయ్‌కాట్ కుటుంబం ఊరు విడిచిపెట్టింది. బండి దొరికింది గాని తోలేవాడు దొరకలేదు. సైన్యం వారి అంబులెన్సు బండిలో వెళ్ళవలసివచ్చింది. డబ్లిన్‌లో దిగిన హోటలు యజమానికి, ఈ మనిషిని ఉంచుకుంటే నిన్నూ బాయ్‌కాట్ చేస్తామని ఉత్తరం వచ్చింది. చూశారా, సెప్టెంబరులో అది ఒక మనిషి పేరు, డిసెంబరు వచ్చేసరికి ఆ మనిషినే బెదిరించే క్రియ!

ఆ మాట పుట్టుకను గురించి ఆ రోజుల్లో అక్కడున్న అమెరికన్ విలేఖరి జేమ్స్ రెడ్‌పాత్ ఒక ముచ్చట చెప్పాడు. ఈ పద్ధతికి ఏం పేరు పెట్టాలా అని అతడు స్థానిక మతగురువు ఫాదర్ ఓమాలీతో మాట్లాడుతున్నాడట. "ఆస్ట్రసిజం" అనే మాట ఉంది గాని మా రైతులకు అది అర్థం కాదు అన్నాడు ఫాదర్. కాసేపు ఆలోచించి, వాణ్ణి బాయ్‌కాట్ చేయడం అంటే పోలేదా అన్నాడు. ఇక్కడొక తమాషా ఉంది. ఆస్ట్రసిజం గ్రీకు మాట. ఏథెన్సులో ఎవరినైనా దేశం వెళ్ళగొట్టాలంటే కుండపెంకుల మీద వాడి పేరు గీకి ఓటు వేసేవాళ్ళు. "ఆస్ట్రకాన్" అంటే ఆ కుండపెంకు. అంటే పాత మాటలో పెంకు మిగిలి పేరు పోయింది. కొత్త మాటలో పేరే మిగిలింది.

ఇక మన సంగతికి వద్దాం. మనకీ పద్ధతి కొత్తదా? కానే కాదు. వెలి, వెలివేత, నిప్పూ నీళ్ళూ పుట్టకుండా చేయడం అన్నవి మన ఊళ్ళల్లో తాతల నాటి మాటలు. మరి అంత చక్కని తెలుగు మాట చేతిలో ఉండగా ఐర్లండు నుంచి ఒక దొరగారి ఇంటిపేరు అరువు తెచ్చుకోవడమెందుకు?

దీనికి జవాబు ఒక తారీఖులో దొరుకుతుందని నాకనిపిస్తుంది. మేయోలో బాయ్‌కాట్ బండెక్కిన ఏడాదికి, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. తరవాత ఏం జరిగింది? పంతులుగారికీ, ఆ పెళ్ళికి వచ్చినవారికీ వెలి. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్ళు మోసేవాడు రాడు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. పంతులుగారికి అండగా నిలిచినవాళ్ళలో ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులున్నారు.

రెండు చోట్లా జరిగింది ఒకటే. పనివాళ్ళు రాలేదు, సరుకు అందలేదు, పలకరించేవాడు లేడు. అయితే మేయోలో అది కింది నుంచి పైకి వెళ్ళింది: కౌలురైతు ఏజెంటును ఒంటరివాణ్ణి చేశాడు. రాజమండ్రిలో పైనుంచి కిందికి వచ్చింది: కులపెద్దలు, పీఠాలు కట్టు తప్పినవాణ్ణి ఒంటరివాణ్ణి చేశాయి. తెలుగులో "వెలి" అనే మాట ఎప్పుడూ ఈ రెండో దిక్కునే చూపుతూ వచ్చింది. వెలి వేసేది పెద్దలు, పడేది చిన్నవాళ్ళు. "మేం మా జమీందారును వెలివేశాం" అని రైతు అంటే ఆ రోజుల్లో వినేవాడికి నవ్వు వచ్చి ఉండేది. దిక్కు మారినప్పుడు పాత మాట పనికిరాలేదు. అందుకే కొత్త మాట కావలసివచ్చింది. ఇంటిపేరుకున్న బలం అదే. ఎవరిమీద ఎవరు చేశారన్న కథ దానిలోనే మడిచి పెట్టి ఉంటుంది.

1905లో బెంగాలు విభజనకు వ్యతిరేకంగా కలకత్తా టౌన్‌హాలు సభలో విదేశీ వస్తువుల బాయ్‌కాట్ తీర్మానం చేశారు. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాక మన విద్యార్థులు వందేమాతరం బాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ట్రెయినింగ్ కాలేజీ నుంచి బహిష్కృతులయ్యారు. మాట ఎటువైపు తిరిగిందో గమనించండి. బాయ్‌కాట్ చేయమన్నది విద్యార్థులు, బహిష్కారం చేసింది కాలేజీ. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌ను బాయ్‌కాట్ చేసిన రోజు మద్రాసులో పోలీసు తుపాకీకి ప్రకాశం పంతులుగారు రొమ్ము చూపిన స్థలం ప్యారీస్ కార్నర్ పరిసరం. సైమన్ ఒక ఇంటిపేరు, బాయ్‌కాట్ ఒక ఇంటిపేరు, ప్యారీ అనేది థామస్ ప్యారీ అనే వర్తకుడి ఇంటిపేరు. మన స్వాతంత్ర్య చరిత్రలోని ఒక్క వాక్యంలో ముగ్గురు దొరలు ఇరుక్కున్నారు.

తరవాతి చరిత్ర అంత సరదాగా చెప్పుకునేది కాదు. 1978లో కరీంనగర్ జిల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు వెట్టి మాన్పించాలనీ, ఆక్రమించిన భూములు వదలాలనీ దొరలను అడిగారు. మాట వినని దొరల గడీలకు చాకలి, మంగలి, పాలేరు వెళ్ళడం మానేశారు. మేయోలో జరిగినదానికి ఇంతకంటె దగ్గరి పోలిక నాకు కనబడలేదు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1991లో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, కథ తలకిందులుగా నడిచింది. సినిమాహాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు వరసలోవాళ్ళకు తగిలిందనే తగాదా ముదిరి, భూమి ఉన్నవాళ్ళు దళితులకు పనులు ఆపేశారు. దాన్ని పత్రికలు "సాంఘిక బహిష్కరణ" అన్నాయి. ఇంగ్లీషు పత్రికలు "సోషల్ బాయ్‌కాట్" అన్నాయి. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు.

ఇంగ్లీషు పత్రికల ఆ వాడుక దగ్గర నేను ఆగిపోతాను. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు. కాని జగిత్యాలలో జరిగినదాన్నీ, చుండూరులో జరిగినదాన్నీ ఒకే మాటతో చెప్పినప్పుడు ఆ మాటలోపల మడిచి ఉన్న కథ చిరిగిపోతుంది. కూలీ దొరగారింటికి వెళ్ళకపోతే దొరగారి అంట్లు దొరగారే తోముకోవాలి. దొర కూలికి పని ఇవ్వకపోతే కూలి ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ రెండోదానికి మన పాత మాట "వెలి" ఎంతో నిజాయితీగా సరిపోతుంది, వాడడానికి మనకు సిగ్గుగా ఉంటుంది గాని. ఇప్పుడు సెల్‌ఫోన్లలో నచ్చని సినిమాను కూడా బాయ్‌కాట్ చేస్తున్నారు. చేసుకోనివ్వండి. ఎవరు ఎవరిని అన్నది మాత్రం వాడే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

ఇంతకూ మన ఇంటిపేర్లలోంచి ఇలాంటి మాటలు ఎందుకు పుట్టలేదు? కొంతమంది మిత్రులు, మన జనానికి అంత చమత్కారం లేదంటారు. నేను ఒప్పుకోను. కారణం చమత్కారంలో లేదు, వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషువాడి ఇంటిపేరు చివర వస్తుంది. లోకం వాణ్ణి పిలిచేది దాంతోనే. మన ఇంటిపేరు ముందు వస్తుంది. అదీ చాలాసార్లు ఊరి పేరు, పైగా విభక్తి మారిన రూపంలో. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. టంగుటూరు ఊరు, టంగుటూరి ఇంటిపేరు. "కందుకూరి" అంటే కందుకూరు యొక్క అని అర్థం. తరవాత ఇంకేదో రావాలని ఎదురుచూస్తూ నిలబడ్డ మాట అది. ఒంటికాలి మీద నిలబడ్డదాన్ని పట్టుకుని క్రియగా పరుగెత్తించడం కష్టం.

అందుకే తెలుగువాడు వేళాకోళానికి అసలు పేర్లనే ఆశ్రయిస్తాడు, ఎక్కువగా పురాణాల్లోంచీ నాటకాల్లోంచీ. నిద్రపోతుకు కుంభకర్ణుడు, తంపులమారికి నారదుడు, కబుర్లరాయుడికి గిరీశం. ఇక సినిమాల నుంచి సూర్యకాంతం. ఆ మహానటి 1994లో పోయారు. తెలుగిళ్ళలో గయ్యాళి అత్తకు ఆమె పేరే నేటికీ పర్యాయపదం; ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకే స్థితి వచ్చింది. చక్కని పేరు! ఒక నటి తన పని మరీ బాగా చేయడం వల్ల ఆ పేరుకు పట్టిన గతి అది. "బాపు బొమ్మ" అదృష్టం దీనికి పూర్తిగా ఎదురు.

అయితే విభక్తి మారని ఇంటిపేరుంటే? అది ఒంటరిగా నిలబడగలదు. ఘంటసాల అలాంటిది. కృష్ణా జిల్లాలో బౌద్ధస్తూపమున్న ఊరి పేరది. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ చెప్పిన కంటకోస్సిల అదేనని పండితులు గుర్తించారు. అది వెంకటేశ్వరరావుగారి ఇంటిపేరయింది. తరవాత ఆయన పేరుకే బదులుగా నిలిచింది. ఆయన 1974లో కన్నుమూశారు గాని, స్నానాలగదిలో గొంతెత్తినవాణ్ణి "వచ్చాడండీ ఘంటసాల" అనడం మా హాస్టల్లో ఏనాడూ ఆగలేదు. ఊరు, ఇల్లు, మనిషి, మాట అని నాలుగు మెట్లు ఒకే పేరు ఎక్కింది. ఇది గట్టి సూత్రమని చెప్పను. అక్కినేని, వేటూరి విభక్తి మారిన రూపాలే అయినా పిలుపు పేర్లయ్యాయి. చేంబోలు సీతారామశాస్త్రిగారి విషయంలో 1986 నాటి "సిరివెన్నెల" సినిమా పేరే ఇంటిపేరయి కూర్చుంది. అంటే అసలు దారికి ఎదురు నడక!

పరాయి ఇంటిపేర్లకు మన వ్యాకరణం అడ్డురాదు గనక అవి మన వాడుకలోకి సులువుగా దిగాయి. ఇంట్లో కర్ర పట్టుకుని తిరిగే నాన్న హిట్లర్. చందా అడిగితే "నేనేమైనా టాటానా, బిర్లానా" అనని తెలుగువాడు లేడు. మా రోజుల్లో మూడో శ్రేణిలో గట్టెక్కినవాడు "గాంధీ క్లాసు". గాంధీగారు మూడో తరగతి పెట్టెల్లోనే ప్రయాణం చేసేవారు, 1917లో ఆ పెట్టెల దుస్థితి మీద ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. రైళ్ళలో మూడో తరగతి 1974లో పోయింది. పరీక్షల్లో దాని తరవాత కూడా చాలాకాలం నడిచింది. ఈ మాటలో వెక్కిరింతా ఉంది, వెక్కిరింత పడ్డవాడికి కాస్త ఓదార్పూ ఉంది.

ఇలాంటి మాటలు సేకరించేవారికి దారిలో గోతులున్నాయి గనక నాలుగు ముక్కలు చెబుతాను. "టాటా" చెప్పి వీడ్కోలు తీసుకోవడానికీ, జంషెట్‌జీ టాటా వంశానికీ ఏ చుట్టరికమూ లేదు. అది ఇంగ్లీషు పసిపిల్లల ముద్దుమాట, ఆయన పుట్టిన 1839కి ముందే ఉంది. శాండ్‌విచ్, కార్డిగన్ ఇంటిపేర్లు కావు, జమీందారీ బిరుదులు. శాండ్‌విచ్ ప్రభువు అసలు ఇంటిపేరు మాంటేగు. అన్నిటికంటె ఎక్కువమంది పడే గొయ్యి థామస్ క్రాపర్‌ది. లండన్‌లో మరుగుదొడ్ల సామాను అమ్మిన ఈ పెద్దమనిషి పేరునుంచే ఇంగ్లీషులో ఆ మోటుమాట పుట్టిందనీ, నీళ్ళ తొట్టి మరుగుదొడ్డిని కనిపెట్టింది ఆయనేననీ కథ. మాట ఆయనకన్న చాలా పాతది, దొడ్డి కూడా. పేరు కుదిరింది గదా అని కథ అల్లేశారు. అంతే.

అన్యాయమైపోయినవాళ్ళూ ఉన్నారు. డాక్టరు గిలటీన్ 1789లో ఫ్రెంచి సభలో అడిగిందేమిటంటే, శిక్ష పడ్డవాడు ప్రభువైనా పేదైనా ఒకే విధంగా, బాధ లేకుండా చావాలని. తలలు నరికే యంత్రం నమూనా వేసింది ఆంట్వాన్ లూయీ అనే మరొక డాక్టరు. మొదట దాన్ని "లూయిసెట్" అని కూడా అన్నారు. జనం నాలుక మీద గిలటీన్ నిలిచింది, లూయీ బతికిపోయాడు. గిలటీన్‌ను అదే యంత్రం చంపిందని కొన్ని పుస్తకాలు రాశాయి. తప్పు. 1814లో జబ్బుచేసి పోయాడు.

కాబట్టి హాస్టలు మిత్రులు ఒక పని చేయవచ్చు. మీ గదుల్లో ఇవాళ తిరుగుతున్న పేరు మాటలు, అంటే క్రికెట్ ఆటగాడివి, సినిమావాళ్ళవి, వార్డెనుకు మీరు పెట్టినవి కూడా, ఒక్కొక్కటీ ఒక చీటీ మీద రాయండి. మాట, అర్థం, ఎవరి నోట ఎప్పుడు విన్నదీ, అన్నవాడిది ఏ జిల్లా, ఎవరిని ఉద్దేశించి అన్నదీ రాయాలి. పుట్టుక కథ మాత్రం వేరే చీటీ మీద రాయండి, మాటా కథా కలపవద్దు. వార్డెనుగారి చీటీలు నాకు ఇచ్చేటప్పుడు కవరులో పెట్టి ఇవ్వండి.